భోజనయాత్రలు – పంక్తిభేదము

మన తెలుగువారిలో కలిగిన కుటుంబముల కిటీవల నొక క్రొత్త వేడుక పట్టుపడినది. ఐరోపాఖండమునకు విహారార్థమై పోయినవారు కోటలను, దేవాలయములను, చిత్రశాలలను చూచుటతో తృప్తినొందక, నగరమునందలి కూరగాయల సంతలను, రొట్టెల యంగళ్లను, పాతపేటలలోని పూటకూళ్లను చూపి రుచి చూపించుటకై ప్రత్యేకముగా నొక గైడును కుదుర్చుకొనుచున్నారు. దీనికి ఫుడ్ టూరని పేరు. పదిమందితో కలిసి పోవునది యొక రకము. తమ కుటుంబమునకు మాత్రమే గైడును మూడు నాలుగు గంటలు నియమించుకొని, పరులెవ్వరును తమతో కలియకుండ పోవునది రెండవ రకము. ఈ రెండవదానికి రుసుము హెచ్చు. దానిని బట్టి గౌరవమును హెచ్చు. తిరిగివచ్చిన పిమ్మట బంధుమిత్రులతో "మేము గుంపులో పోలేదు, మాకు వేరుగా గైడు" అని చెప్పుకొనుటలో నొక తృప్తి కలదు. ఈ తృప్తినిగూర్చియే మేమీ వ్యాసమున విచారింపదలచితిమి.

మా యభిప్రాయము మొదటనే విన్నవింతుము. పరదేశపు టన్నమును తెలిసినవారి వెంట పోయి తెలిసికొనుట దోషము కాదు. అందులకై వేరుగా నొకరిని కుదుర్చుకొనుటయు దోషము కాదు. ఒక జాతి చరిత్ర వారి గ్రంథాలయములలో నెంత కలదో వారి వంటయిండ్లలోను అంత కలదు. కాని మనవారు ఈ యాత్రను నడుపుచున్న తీరు వేరు. ఇంటివద్ద మనకున్న పంక్తిభేదమునకే యిది విదేశమున వేసిన క్రొత్త పందిరి. పంక్తిభేదము పాపమని మన పెద్దలు చెప్పుదురు. ఒకే బంతిని కూర్చున్నవారిలో నొకరికి నేయి, వేరొకరికి నూనె వడ్డించుట వారు చెప్పిన పంక్తిభేదము. అసలు కొందరిని బంతికే రానీయకుండుట యంతకంటె పెద్ద భేదమని తలచిన పెద్దలు మాత్రము తక్కువ.

విదేశములకు పోవు మనవారిలో రెండు తెగలు గలవు. మొదటి తెగవారు వంటవానిని వెంటబెట్టుకొని పోవు యాత్రాసంఘములలో చేరుదురు. వీరు పారిసు నగరమున పప్పుచారును, రోమునగరమున ఆవకాయను భుజించి, పది దినములలో నేడు దేశములు చూచి, అక్కడివా రేమి తిందురో యెరుగకయే తిరిగివత్తురు. రెండవ తెగవారు వీరిని చూచి నవ్వుదురు. వీరు అన్నియు తిందురు. తిన్న ప్రతిదానికిని ఛాయాచిత్రము తీయుదురు. నోరు తిరుగని పేరులను కంఠస్థము చేసి యింటికి వచ్చి యప్పగింతురు. మొదటివారిది చాదస్తమనియు, తమది నాగరకత యనియు వీరి తలంపు. మాకు మాత్ర మీ యిరుతెగలకును మిక్కిలి భేదము కనబడుట లేదు. ఒకరు తమ పంక్తిని పెట్టెలో పెట్టి మోసికొనిపోవుదురు. వేరొకరు పోయినచోట సొమ్మిచ్చి వేరు పంక్తి నేర్పరచుకొందురు. అక్కడి మనుష్యుని ప్రక్కన నిలిచి తిన్నవారు ఈ రెండు తెగలలోను అరుదు.

ఇంతకంటె పూర్వమే మనవారిలో యాత్ర చేయుట తెలిసినవారు లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరులో మరలివచ్చిరి. వారి పరివారము పెద్దది, ఆచారము గట్టిది, వంటకు తమవారే యుండిరి. అయినను 1838లో అచ్చుపడిన వారి కాశీయాత్ర చరిత్రను విప్పి చూడుడు. ఏ మజిలీలో నే పదార్థము దొరకునో, నీళ్లెట్టివో, అంగళ్లున్నవో లేవో, ఆ యూరివా రేమి చేసి జీవించుచున్నారో అన్నియు వ్రాసియుంచిరి. ఆచారము వారి విస్తరిని వేరు చేసినదేమో కాని వారి కన్నులను మూయలేదు. నేటి మనవారికి విస్తరి తెరచుకొన్నది, కన్నులు మూసికొనిపోయినవి.

ప్రత్యేకముగా గైడును కుదుర్చుకొనుటవలన గలుగు మేలును మేము దాచము. రోమునగరమునే యుదాహరణముగా గైకొందము. శాకాహారియగు మనవాడు అచ్చట తానై పోయి తినబూనినచో పదిచోట్ల మోసపోవును. కాచో ఎ పేపే యనునది చీజును మిరియాలును మాత్రము కలిపిన పాస్తా కావున నిర్దోషమని తలచును. కాని యందు వేయు పెకోరినో రోమానో యను గొర్రెపాల చీజును గొర్రెపిల్ల కడుపునుండి తీసిన తోడుతో గట్టిపరుతురు. పుంతారెల్లె యను ఆకుకూరలో ఆంచోవీ చేప నూరి కలుపుదురు. సుప్లీ యను అన్నపు టుండలు చూచుటకు మన బోండాలవలె నుండును గాని తరచుగా లోపల మాంసరసముండును. అట్లే వేరుసెనగ పడనివారు, మధుమేహము గలవారు, చాలదూరము నడువలేని వృద్ధులు, పసిపిల్లలు గలవారు తమ యవసరములెరిగిన యొకరిని వెంట నుంచుకొనుట వివేకమే. ఇరుకుసందులలో ముప్పదిమంది గుంపుగా పోయి యచ్చటి కాపురస్థులకు దారి లేకుండ చేయుటకంటె నలుగురు పోవుట మర్యాదయు నగును. ఇన్ని మేళ్లుండగా మాకు అభ్యంతరమెచ్చట? ఆ గైడు చెప్పు కథయందును, మనవారు దానిని వినురీతియందును.

ఆ కథ యెట్టిదో కొంచెము వివరింతుము. రోమునందు భోజనయాత్రకు పేరుపడిన పేట తెస్తాచో. అచ్చట మోంతే తెస్తాచో యను గుట్ట కలదు. ఎత్తు సుమారు 35 మీటర్లు. చుట్టుకొలత సుమారు ఒక కిలోమీటరు. ఇది ప్రకృతి పెట్టిన గుట్ట కాదు. నేటి స్పెయిను దేశపు దక్షిణభాగమునుండియు, ఉత్తరాఫ్రికానుండియు ఆలివునూనెను తెచ్చిన మట్టిజాడీల పెంకుల కుప్ప. నూనె పీల్చుకొన్న జాడీ మరల నుపయోగింప వీలులేక దుర్గంధము గొట్టును గనుక వానిని పగులగొట్టి వరుసగా పేర్చి పైన సున్నము చల్లెడివారు. క్రీస్తుశకము 3వ శతాబ్దపు మధ్యభాగము వరకు ఈ పని సాగినది. 1872 మొదలుకొని హైన్రిఖ్ డ్రెస్సెల్ అను జర్మను పండితుడు ఆ పెంకులపై సిరాతో వ్రాసిన తూకములను, వర్తకుల పేరులను చదివి ప్రకటించెను. ఒక మహానగరపు ఆకలి కొండయై నిలిచిన చోటది. ఆ పెంకులపై వర్తకుని పేరు కలదు, తూకము వేసిన యధికారి గుర్తు కలదు. జాడీని వీపున మోసినవాని పేరు మాత్రము లేదు. ఈ లోపమును జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఆ గుట్ట ప్రక్కనే యెర్సోక్ అను శిల్పి రచించిన పథకము ప్రకారము 1888 మొదలు 1891 వరకు పెద్ద పశువధశాలను కట్టిరి. అది 1975లో మూతపడినది. పశుమాంసమున మేలైన నాలుగు భాగములు ప్రభువులకును, మతాధికారులకును, వర్తకులకును, సైనికులకును పోగా, మిగిలిన తోక, ప్రేవులు, పొట్ట, నాలుక, గుండెకాయ, కాళ్లు కూలివారి పాలబడెను. కూలిలో కొంతభాగముగా నివియే వారి కిచ్చెడివారు. ఈ మిగులునకు అయిదవ పాలు అని పేరు. తోళ్లు ఒలుచువారు ఎద్దుతోకను టమాటాలతోను సెలరీ కాడలతోను గంటలకొలది యుడికించిరి. పొట్టను పుదీనాకుతోను పెకోరినోతోను వండిరి. పాలు వదలని దూడ ప్రేవులతో పయాతా యను కూర చేసిరి. పశువులకు వెర్రిరోగము ప్రబలినందున 2001లో దీనిని నిషేధించి 2015లో మరల ననుమతించిరి. నేడీ వంటకములు భోజనయాత్రలకు శిరోభూషణములు. వధశాలయందు నేడు చిత్రప్రదర్శనములు జరుగుచున్నవి. విశ్వవిద్యాలయమువారు శిల్పశాస్త్రము చెప్పుచున్నారు. దాని కెదురుగా 2012లో క్రొత్త సంతను తెరచిరి. గైడు ఆ సంతలో నిలిచి, "ఇది బీదవాని వంట, ఏదియు పారవేయని బుద్ధి" యని చెప్పును. మనవారు తలలూచుదురు, ఛాయాచిత్రము తీయుదురు.

అక్కడినుండి తీబెరునది యొడ్డున నున్న యూదులపేటకు పోవుదురు. 1555 జులై 14వ తేదీన నాలుగవ పౌలు పోపు ఒక శాసనము చేసి నగరమందలి యూదుల నందరిని నదిపొంగు నీరు వచ్చు పల్లపునేలలో గోడలలోపల నుంచెను. రాత్రి ద్వారములు మూయుదురు. పాతబట్టల వ్యాపారము తప్ప గౌరవమగు వృత్తు లన్నియు వారికి నిషిద్ధములు. 1848లో గోడలు కూల్చిరి. 1870లో పోపుల ప్రభుత్వ మంతరించిన పిదపనే వారికి పూర్ణపౌరత్వము లభించెను. 1943 అక్టోబరు 16వ తేదీన జర్మనుసేన ఆ పేటను చుట్టుముట్టి పట్టుకొన్నవారిలో వేయిమందికి పైగా ఆష్విట్స్ మరణశిబిరమునకు పంపెను. మరలివచ్చినవారు 16 మంది. వారి గడపలముందు 2010 మొదలు పేరులు చెక్కిన చిన్న యిత్తడిరాళ్లను పొదిగియున్నారు. ఆ రాళ్లమీద నడచుచు మనవారు నూనెలో వేపిన ఆర్టిచోకు పువ్వును తినుటకు పోవుదురు. ఇది కార్చోఫీ అల్లా జుదీయా, అనగా యూదుల పద్ధతి ఆర్టిచోకు. 2018లో ఇశ్రాయేలు దేశపు మతాధికారులు, రేకుల నడుమ పురుగులుండవచ్చును గనుక అది శుచి కాదని తీర్పు చెప్పగా, రోమునగరపు యూదులు తమ పెద్దలనాటినుండి శుభ్రపరచుకొను పద్ధతి తమకు తెలియునని చెప్పి మానక తినుచున్నారు. శుచిశాస్త్రము మన దేశపు సొత్తే యని గర్వించువారు దీనిని గమనింతురు గాక.

ఇంతకంటె మనకు దగ్గర యగు కథ యొకటి యా పేటలోనే కలదు. మన వంకాయ సంస్కృతమున వాతింగణమను పేరు గలిగి, పారసీకమున బాదింజానయి, అరబ్బుల వెంట పశ్చిమమునకు పోయినది. 1492లో స్పెయిను రాజులు యూదులను తమ రాజ్యమునుండి, దానికి లోబడిన సిసిలీ ద్వీపమునుండియు, వెడలగొట్టగా వారు ఉత్తరమునకు పోవుచు వంకాయ వంటను వెంట తీసికొనిపోయిరి. ఇటలీవారు దానిని చాలకాలము తినలేదు. వంటశాస్త్రము వ్రాసి ప్రసిద్ధుడైన పెల్లెగ్రీనో ఆర్తూసి 1891లో ప్రకటించిన గ్రంథమున, తనకు నలుబది యేండ్ల క్రిందట ఫ్లారెన్సు సంతలో వంకాయ కనబడుటయే యరుదనియు, యూదులు తినునదని దానిని నీచముగా జూచెడివారనియు వ్రాసెను. తెలుగువాని పెండ్లివిందున రాజనబడు వంకాయ యచ్చట అంటరానిదై యుండెను! దోషము కాయలో లేదు. తినువానిపై గల ద్వేషము కాయకు తగిలినది. ఈ యొక్క సంగతి బోధపడిన తెలుగువానికి భోజనయాత్ర రుసుము చెల్లినట్లే. కాని బోధపడునా?

గైడులు చెప్పు ప్రాచీనతనుగూర్చియు నొకమాట. మన పురాణప్రవచనములయం దెంత కల్పన కలదో అచ్చటి వంటల ప్రవచనములయందును అంత కలదు. రోమునగరపు సనాతనవంటగా జెప్పబడు కార్బొనారా రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వపు గ్రంథములలో కనబడదు. ఇటలీదేశపు వంటపత్రికలో నది మొదట 1954లో అచ్చయినపుడు అందు వెల్లుల్లియు, స్విట్జర్లాండు చీజును ఉండెను. నేడు వానిని వేసినవాడు ద్రోహి! టమాటా అమెరికానుండి వచ్చినది. మన గుంటూరు మిరపయు అట్టిదే. పోర్చుగీసువారు తేకమునుపు మన పూర్వులకు మిరియమే కారము. 2025 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన యునెస్కో సభయందు ఇటలీవారి వంటను, మన దీపావళిని మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చిరి. సంతోషమే. కాని వారసత్వమనునది మారుచు వచ్చినదే యని తెలిసికొననివానికి ఈ పట్టికలు గర్వమును పెంచుటకు మాత్రమే పనికివచ్చును.

ఇక మా ముఖ్యాభియోగమునకు వత్తుము. ఈ యాత్రలయందు చచ్చిన బీదలకు నమస్కారము, బ్రదికియున్న బీదలకు మౌనము. వధశాల కూలివాని తోకకూర కథ వినుటకు మనవారికి చెవి కలదు; వాడు చచ్చి నూరేండ్లయినది, వాడు మన నేమియు నడుగడు. సంతలోని కూరగాయలను నేడు కోసినవాడెవ్వడని మాత్రమడుగరు. అడిగినచో సమాధానము మన యింటికే వచ్చి తగులును. రోమునకు దక్షిణమున లతీనా మండలము కలదు. పూర్వము బురదనేల, 1930ల ప్రాంతమున నీరు తోడి సాగుచేసిరి. అచ్చటి పొలములలో, గాజుటిండ్లలో వేలకొలది పంజాబు సిక్కులు వంగి పని చేయుచున్నారు. 2016 ఏప్రిలులో వారు కూలి చాలదని లతీనా పట్టణమున సమ్మె చేసిరి. ఆ యేడే అక్టోబరులో దళారులు కూలివారిని దోచుకొనకుండ ఇటలీవారు 199వ సంఖ్య గల చట్టము చేసిరి. చట్టము వచ్చిన యెనిమిదేండ్లకు, 2024 జూనులో, ఒడంబడిక పత్రము లేకుండ పనిచేయుచున్న 31 సంవత్సరముల భారతీయ యువకుని చేయి యంత్రమున బడి తెగిపోయినది. అతనిని ఆసుపత్రికి గొనిపోక నివాసమునొద్ద దింపి, తెగిన చేయిని పండ్లపెట్టెలో పెట్టి పోయిరని పత్రికలన్నియు ప్రకటించినవి. రెండు దినములకు రోమునగరపు ఆసుపత్రిలో నతడు మరణించెను. మన దేశపు బిడ్డ! ఆ మండలమునుండి వచ్చు కూరగాయలు రోమునగరపు బల్లలపై నుండును. ఏ భోజనయాత్రలో నీ కథ చెప్పుదురు? ఏ తెలుగు యాత్రికుడు దీని నడిగెను?

గైడు చెప్పకపోయిన మేమేమి చేయుదుమని కొందరందురు. ఈ సమాధానము గుంపులో పోయినవారికి కొంత చెల్లును. వేరుగా కుదుర్చుకొన్నవారికి చెల్లదు. ప్రత్యేకయాత్రయందు కళ్లెము యాత్రికుని చేతిలోనే యున్నది. ఎచ్చట నిలుతుమన్న నచ్చట నిలుచును, ఏమడిగిన దానికి బదులు చెప్పును. గత వేసవిసెలవులలో మా పూర్వశిష్యు డొకడు, రోమునందు ఉద్యోగము చేయుచున్నవాడు, మాకై యిట్టి గైడు నొకామెను నియమించెను. చదువుకొన్నది; ఓర్పు గలది. రెండవ మజిలీలో మేమామెను "అమ్మా, ఈ మూడున్నర గంటలకు మీ కేమి ముట్టును?" అని యడిగితిమి. ఆమె మొదట నవ్వి, పిదప చెప్పెను. ఆమెను పంపిన సంస్థ యే యంగడిలో నెన్ని నిమిషములు నిలువవలెనో, ఏ కథ యెచ్చట చెప్పవలెనో వ్రాసి యిచ్చెనట. మేము చెల్లించినదానిలో సగముకంటె తక్కువ ఆమెకు చేరునట. యాత్ర రద్దయిన దినమున నేమియు లేదట. ఇటలీలో దేశమంతటికి వర్తించు కనీసవేతన శాసనము లేదనియు, వృత్తిసంఘముల యొడంబడికలే యాధారమనియు, తనవంటివారికి అదియు సరిగా నందదనియు వివరించెను. ఆ తరువాత వ్రాసియిచ్చిన కాగితమును చేతిసంచిలో పెట్టి, తన తాత వధశాలలో నీళ్లు మోయుట మొదలు తనకు తెలిసినది చెప్పసాగెను. రుసుము పెరుగలేదు, యాత్ర పెరిగినది. అడుగుట యొక్కటే కావలసినది.

ఇప్పుడు మన గడపకు వత్తము. రోమునం దెద్దుతోకను "చరిత్ర" యని రుచిచూచు మన పెద్దమనుష్యుడు హైదరాబాదునకో విజయవాడకో తిరిగివచ్చి, తన మేడలో వాటా అద్దెకిచ్చునపుడు "శాకాహారులకు మాత్రమే" యని పలక కట్టును. ఆ పలకకు అర్థము కూరలనుగూర్చి కాదని కట్టినవానికి తెలియును, చదివినవానికిని తెలియును. బోటికూర, తలకాయకూర, కాళ్లకూర వండుకొను యిరుగువానిని చూచి ముక్కు మూసికొనునదియు నీ పెద్దమనుష్యుని ఇల్లే. తోళ్లు ఒలిచినవారును, మిగులు తిన్నవారును, ఊరివెలుపల నుంచబడినవారును రోములో మాత్రమే యుండిరా? 1948లో అంబేడ్కరుగారు అంటరానివారినిగూర్చి వ్రాసిన గ్రంథమున, పశుమాంసము తినుటకును అంటరానితనమునకును గల సంబంధమును విప్పి చూపిరి. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. అధికరణము కాగితముమీదిది, పంక్తి నేలమీదిది. కేరళమున సహోదరన్ అయ్యప్పన్ 1917లో చెరాయి గ్రామమందు వేరువేరు కులములవారిని ఒక్క బంతిని కూర్చుండబెట్టి భోజనము చేయించి, అందులకై బహిష్కారమును పొందెను. ఆయన చూపిన దారి చౌక, రైలుటిక్కెట్టైనను అక్కరలేదు.

మేము బడిపంతులము గనుక మాకు తెలిసిన సంగతి యొకటి చెప్పుదుము. బడులలో మధ్యాహ్నభోజనము వండు స్త్రీలకు కేంద్రప్రభుత్వము 2009లో నిర్ణయించిన గౌరవవేతనము నెలకు 1,000 రూపాయలు. అదియు సంవత్సరమునకు పదినెలలే. రాష్ట్రములు తమ వంతు చేర్చిన పిమ్మటను అది కొద్దివేలే. రోమునం దొక్క మధ్యాహ్నము వేరుగా తిరుగుటకు మనవారు వందల యూరోలు సంతోషముగా చెల్లింతురు. చెల్లింతురు గాక; సొమ్ము వారిది. కాని వంటచేయు నామె ఫలాని కులముది గనుక మా పిల్లవాడు బడిలో తినడని చెప్పి, డబ్బా కట్టి పంపు తలిదండ్రులను మన యుపాధ్యాయులందరును చూచుచునే యున్నారు. డొక్కా సీతమ్మగారి పేరు మన నోట భక్తితో పలుకుదుము. ఆ తల్లి ఆకలిగొన్నవాని కులమడుగక యన్నము పెట్టినదని పొంగిపోవుదుము. పెట్టుటలో కులమడుగకుండుట మనకు పుణ్యము. పెట్టువారి చేతి కులమడుగకుండుట మాత్రము ఇంకను నేర్వలేదు.

దీనికి ప్రత్యుత్తరములు మాకు తెలియనివి కావు. సెలవుదినములలో సంతోషముకొరకు పోయినవారికి శోకకథలేల యని యొకరందురు. శోకమును మేము తేలేదు. కథను అమ్మకమునకు పెట్టినవారే బీదవాని శోకమును పిండివంటతో కలిపి యమ్ముచున్నారు. సొమ్మిచ్చి కొన్నవాడు సగము కొలతకు తృప్తిపడుట యేమి వ్యాపారము? తిండి యెవరి యిష్టము వారిదని వేరొకరందురు. అక్షరాల నిజము. శాకాహారిని మాంసము తినుమని మేమనము. తినువానిని మానుమని యనము. ఎవడు తినునది వానికి వదలి, వానిని మాత్రము ప్రక్కన కూర్చుండనిండని మా ప్రార్థన. ఇట్టి యాత్రలు మానినచో గైడు పొట్ట మాడునని మరియొకరు దయ చూపుదురు. మేము మానుమన్నప్పుడు గదా!

కావున మేము చెప్పునది స్వల్పము. పోవుడు, వేరుగా గైడును పెట్టుకొనవలసినవారు పెట్టుకొనుడు. వీలైనచో సంస్థ మధ్యవర్తిత్వము లేకుండ నేరుగా మాటలాడి, పూర్తి కూలి చేతికిండు. ప్రతి యంగడియందును మూడు ప్రశ్నలడుగుడు: ఇది పండించినవారెవరు, వండినవారెవరు, వారి కేమి ముట్టును? కాఫీ త్రాగునపుడు వేరుబల్ల కోరక అచ్చటివారివలె బల్లచెక్క నానుకొని నిలిచి త్రాగుడు. ఆ దేశమున నిలిచి త్రాగినవానికి వెల తక్కువ. న్యాయవాదియు, వీధులూడ్చువాడును ఒక్క వరుసను నిలుతురు. భుజము తగిలినంత మాత్రమున నెవ్వడును మైలపడుట లేదని కన్నులార చూడుడు. ఇత్తడిరాళ్ల దగ్గర నొక్క నిమిషము నిలిచి పేరులు చదువుడు. తిరిగివచ్చిన పిదప బంధువులకు ఛాయాచిత్రములు చూపుటకు ముందు, మీ యింట గిన్నెలు తోము నామెకు వేరుగా పెట్టిన గ్లాసును తీసి మీ గ్లాసులతో కలిపి పెట్టుడు. అద్దెపలక యున్నచో దించుడు. బడికి వచ్చి పిల్లల బంతిని కూర్చుండి, ఆ వంటను మీ బిడ్డతోకూడ నొక్క పూట భుజింపుడు.

ఈ పనులకు మూడున్నర గంటలు పట్టదు. రోమునకు పోలేనివారును దీనిని చేయవచ్చును. పోయివచ్చియు చేయనివారు ఎంత దూరము తిరిగినను తమ విస్తరి దాటి యొక్క యడుగును వేయలేదని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము.